పుల్లవిరుపు

పులుసులో ఉప్పు ఎక్కువైందనుకోండి. ఆ సంగతి కోడలికి చెప్పడానికి తెలుగింటి అత్తగారి దగ్గర బోలెడు దారులున్నాయి. "మీ పుట్టింటి వైపు ఉప్పు చవక కాబోలు" అంటే ఎత్తిపొడుపు. "మొన్న పప్పు మాడ్చావు, నిన్న అన్నం చిమిడించావు, ఇవాళ ఇదీ" అంటే దెప్పు. "ముసలిదాన్ని, నా నాలుకకి రుచేం తెలుస్తుందిలే, ఏది పెడితే అది తింటాను" అంటే నిష్ఠూరం. కంచం నడవలోకి గిరాటేసి, నాలుగిళ్ళ అవతలికి వినబడేలా కోడలి ఏడు తరాలనీ తలుచుకుంటే గయ్యాళితనం. మా మామ్మ ఇవేవీ చేసేది కాదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకునేది. కంచం రెండంగుళాలు ముందుకు జరిపేది. "ఉప్పు" అనేది. అంతే.

దాన్నే మా వైపు పుల్లవిరుపు అంటారు. "ఆవిడవన్నీ పుల్లవిరుపు మాటలమ్మా", "అలా పుల్ల విరిచినట్టు మాట్లాడతావేవే" అని రోజుకోసారైనా ఎక్కడో ఒకచోట వినబడేది.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, అత్తిలికి దగ్గర్లో ఓ పల్లె. మామ్మంటే నాన్న వాళ్ళ అమ్మ. పెరటి వసారాలో మట్టి పొయ్యి, దాని పక్కన గోడకి ఆనించి జీలుగు పుల్లల మోపు ఉండేవి. పచ్చిరొట్ట కోసం చల్లిన జీలుగు చేలో దున్నేయగా, గట్ల మీద మిగిలిపోయింది ముదిరి ఎండిపోయేది. దాన్ని కొట్టి మోపులు కట్టి తెచ్చేవారు. తేలిగ్గా ఉండేది, మంట త్వరగా అందుకునేది, అంతే త్వరగా అయిపోయేది కూడా. అందుకని పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకి పుల్లలు విరవడం తప్ప ఇంకో పని ఉండేది కాదు.

మామ్మ పుల్ల విరవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. మోకాలికి ఆనించేది కాదు. రెండు చేతుల్తో పట్టుకుని, బొటనవేళ్ళు మధ్యకి తెచ్చి ఒక్క నొక్కు నొక్కేది. చూపు మంట మీదే ఉండేది గానీ పుల్ల మీద ఉండేది కాదు. టక్. పొయ్యిలోకి. టక్. పొయ్యిలోకి. అలా మంట మీంచి చూపు తిప్పకుండానే వచ్చినవాళ్ళకి జవాబు కూడా చెప్పేది. పక్కింటి పిన్నిగారు పాలల్లోకి తోడు కోసం గిన్నె పట్టుకొస్తే, "లేదు." దూరపు చుట్టం ఎండలో పడి వచ్చి శుభలేఖ ఇవ్వబోతే, "అక్కడ పెట్టు." లెక్కల్లో నూటికి తొంభై రెండు వచ్చాయని నేను గెంతుకుంటూ వస్తే, "మరి ఎనిమిది?"

ఒక్కటీ తిట్టు కాదు, చూడండి. గొంతు పెంచింది లేదు. అబద్ధం ఆడింది లేదు. తోడు నిజంగానే లేకపోవచ్చు. శుభలేఖ ఎక్కడో అక్కడ పెట్టాల్సిందే. ఎనిమిది మార్కులు నిజంగానే పోయాయి. కానీ పిన్నిగారు ఖాళీ గిన్నెతో వెనక్కి వెళుతున్నప్పుడు ఆవిడ నడకలో తేడా నాకు ఆరేళ్ళ వయసులోనే తెలిసేది.

ఈ మాటని పుట్టించినవాళ్ళు పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళే అయ్యుంటారని నా నమ్మకం. పచ్చి పుల్ల విరగదు. వంగుతుంది, నార సాగుతుంది, బెరడు పట్టుకుని వేలాడుతుంది. ఎండిన పుల్లే చప్పుడు చేసి రెండు ముక్కలవుతుంది. మాటలో తడి లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి పోలిక ఎవరికి తడుతుంది? మనం ఆకు తుంచుతాం, దారం తెంపుతాం, బట్ట చింపుతాం, కుండ పగలగొడతాం. విరవడం మాత్రం పుల్లకీ, కొమ్మకీ, చెరుకు గడకీ. ఆ విరగడమే పాలకీ ఉంది, మనసుకీ ఉంది. పాలు విరిగిపోయాయి అంటాం, ఆయనంటే నా మనసు విరిగిపోయింది అంటాం. పెదవి విరవడం సరేసరి, అది నోరు విప్పకుండా చేసే పుల్లవిరుపు.

కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడేవాణ్ణి జనం మెచ్చుకుంటారు. ముక్కుసూటి మనిషి అంటే అదో బిరుదు. పుల్లవిరుపు మనిషి అని ఎవరైనా ఎవరినైనా పొగడగా నేను వినలేదు. చాలా ఏళ్ళు ఆలోచించాక నాకు తట్టిన తేడా ఇది: కుండ బద్దలు కొట్టేవాడు నిజం చెప్పి, నీ జవాబు కోసం చూస్తాడు. పుల్ల విరిచేవాళ్ళు నిజమే చెప్పినా, ఇంక నీతో మాట లేదని కూడా అందులోనే చెప్పేస్తారు. మీరే చెప్పండి, "ఉప్పు" అన్నాక మా అమ్మ ఏమని జవాబివ్వాలి?

సినిమాల్లో నోటి దురుసు అనగానే అందరూ సూర్యకాంతం గారినే తలుచుకుంటారు. ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికి జనం జంకారంటే ఆవిడ నటన అంత గొప్పది. కానీ ఆవిడది పుల్లవిరుపు కాదు. ఎడమ చెయ్యి తిప్పుతూ, సాగదీస్తూ, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకునేవారు. చూసేవాళ్ళకి పండగ. పుల్లవిరుపు చూడాలంటే ఛాయాదేవి గారిని చూడాలి. ఇది నా సొంత అభిప్రాయం, ఎవరైనా కాదంటే నేను పోట్లాడను.

మామ్మకి పొద్దున్నే వేపపుల్లతో పళ్ళు తోముకోవడం అలవాటు. నూతి పళ్ళెం దగ్గర నిలబడి అరగంట తోమేది. తోమడం అయ్యాక ఆ పుల్లని నిలువునా చీల్చి, ఒక బద్దని విల్లులా వంచి నాలుక గీసుకునేది. మా బాబాయి మొహం కడుక్కుంటూ, "రోజూ ఇంతలా గీస్తావు, ఆ పదును మాత్రం అరగదేంటమ్మా" అనేవాడు. ఇంట్లో ఆవిడతో అలా అనగలిగింది ఆయనొక్కడే. ఆవిడ బద్దలు పారేసి, "టవలు" అనేది. అందించేవాడు.

నా చిన్నప్పటి సంతోషాల్లో అన్నిటికన్నా పెద్దది అత్తిలి స్టేషను. రెండు మూడు నెలలకోసారి ఉత్తరం వచ్చేది, ఫలానా రోజు భీమవరంలో పనుంది, పాసింజర్లో వెళుతున్నానని. అమ్మ వాళ్ళ నాన్న రాసేవాడు. వాళ్ళది నిడదవోలు వైపు. ఆ రోజు అమ్మ తెల్లవారుజామునే వంట ముగించి, నాకు రెండు జడలు వేసి, రిక్షా కోసం కూడా చూడకుండా నడిపించుకుపోయేది. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు కింద నిలబడేవాళ్ళం. రైలు రెండు నిమిషాలు ఆగేది.

తాతయ్య తలుపు దగ్గరే నిలబడి వచ్చేవాడు. ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక కాలు కింది మెట్టు మీద. ఇంకో చేత్తో సంచి అందించేవాడు. అందులో సున్నుండల డబ్బా, మామిడి తాండ్ర, ఒక్కోసారి అమ్మకి జాకెట్టు ముక్క ఉండేవి. నా చేతిలో రూపాయి కాగితం పెట్టి గుప్పిట మూసేవాడు. అమ్మా ఆయనా ఏం మాట్లాడుకునేవారో నాకు గుర్తు లేదు. ఎక్కువేం ఉండేది కాదు. "చిక్కిపోయావేమ్మా." "లేదు నాన్నా, బానే ఉన్నా." గార్డు ఈల వేసేవాడు.

"దిగు తాతయ్యా, ఇంటికి రా" అనేదాన్ని ప్రతిసారీ.

"రైలు వెళ్ళిపోదూ" అని నవ్వేవాడు.

నిజంగా రైలు వెళ్ళిపోతుందనే దిగడం లేదని పన్నెండేళ్ళు వచ్చేదాకా నమ్మాను. భీమవరంలో ఆయనకి ప్రతిసారీ పనేమీ ఉండేది కాదని, కొన్నిసార్లు అక్కడ దిగి, కాఫీ తాగి, తిరుగు బండి ఎక్కి వెళ్ళిపోయేవాడని పిన్ని చెబితే తెలిసింది. అదేంటి, మరి మా ఇంటికే రావచ్చు కదా అంటే, "మీ మామ్మ పుల్లవిరుపుకి దణ్ణం పెట్టి వచ్చేశాడే ఆయన" అంది. అప్పుడు మొత్తం చెప్పింది.

1974 డిసెంబరు. సార్వా కోతలు. నాకు రెండేళ్ళు. పిన్నికి పెళ్ళిచూపులు కుదిరాయి. అక్క పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుందని పిన్ని అడిగితే, తాతయ్య రైలెక్కి అత్తిలిలో దిగి, అరటిగెల భుజాన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న చేలో ఉన్నారు. తాతయ్య వసారా మెట్టు మీద కూర్చుని, "చెల్లెమ్మగారూ, అమ్మాయిని ఓ నాలుగు రోజులు పంపిస్తారేమోనని వచ్చానండి. మళ్ళీ నేనే తెచ్చి దింపుతాను" అన్నాడట. మామ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. తల తిప్పలేదు.

"కోతలు" అంది.

నిజమే, కోతలే. కూలీలకి చేలోకి కారియర్లు వెళ్ళాలి, ఇంట్లో పసిపిల్ల, అమ్మ లేకపోతే మామ్మ ఒక్కత్తీ నెగ్గుకు రావడం కష్టమే. "కోతలు అవగానే పంపిస్తాం అన్నయ్యగారూ, భోంచేసి వెళ్ళండి" అనుంటే తాతయ్య నవ్వుతూ భోంచేసి వెళ్ళేవాడు. అవి ఆరు మాటలు. మామ్మ అయిదు మిగుల్చుకుంది. తాతయ్య చెంబుడు మంచినీళ్ళు తాగి, తలుపు చాటున ఉన్న అమ్మ వైపు ఒక్కసారి చూసి, అదే దారిన స్టేషనుకి నడిచాడు. అరటిగెల మెట్టు పక్కనే ఉండిపోయింది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

అది విన్నాక నేను మామ్మ మీద కోపం తెచ్చుకుని రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడకి ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు. తక్కువ మాట్లాడేవాళ్ళతో మాట్లాడకుండా ఉండి సాధించేదేముంటుంది?

నాన్న పద్యాల మనిషి. వాళ్ళమ్మ మాటకి ఎవరైనా నొచ్చుకున్నారని తెలిస్తే, నన్నయ్య గారిని అడ్డు పెట్టేవారు. "నిండు మనంబు నవ్యనవనీత సమానము, పల్కు దారుణాఖండల శస్త్ర తుల్యము" అని రాగం తీసేవారు. మనసు అప్పుడే తీసిన వెన్న, మాట మాత్రం ఇంద్రుడి వజ్రాయుధం అని. భారతం ఆదిపర్వంలో ఉదంకుడి కథలో పౌష్యుడనే రాజు విప్రుల గురించి అన్న మాట ఇది. రాజులకి ఇది తిరగబడి ఉంటుందట, పైకి వెన్న, లోపల వజ్రం. అందుకే తానిచ్చిన శాపాన్ని వెనక్కి తీసుకోలేనని చెప్పుకోవడానికి అంటాడు. ఎవరో రాజు తన సాకు కోసం చెప్పిన పద్యాన్ని నాన్న మామ్మకి సర్టిఫికెట్‌లా వాడేసేవారు. అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పేది కాదు. ఒక్కసారి మాత్రం గిన్నెలు సర్దుకుంటూ, "ఉట్టి మీద వెన్న ఉంటే నాకేం లాభమండీ, నా చేతికందేవి పుల్లలే కదా" అంది. నాన్న ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ పద్యం జోలికి పోలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 1986లో, మా తెలుగు మాస్టారు పాఠంలో లేని పద్యాలు కూడా బోర్డు మీద రాసి కంఠతా పట్టించేవారు. ఒక రోజు తిక్కన గారి పద్యం ఇచ్చారు. ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పేది.

తనువున విరిగిన యలుగుల
ననువున బుచ్చంగ వచ్చు నతి నిష్ఠురతన్
మనమున నాటిన మాటలు
విను మెన్ని యుపాయములను వెడలునె యధిపా!

సాయంత్రం వసారాలో కూర్చుని పెద్దగా వల్లె వేస్తున్నాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. మామ్మ పొయ్యి దగ్గరుంది. మూడోసారో నాలుగోసారో చదివేసరికి అమ్మ చేతులు ఆగాయి.

"అలుగు అంటే?" అంది.

"బాణం మొన. ఒంట్లో దిగి లోపలే విరిగిపోయినా, ఎలాగోలా ఉపాయంతో బయటికి తీసేయొచ్చట. నిష్ఠూరంగా అన్న మాట మనసులో నాటుకుంటే మాత్రం ఏం చేసినా రాదట."

"ఇంకోసారి చదువు."

చదివాను. అమ్మ మళ్ళీ బియ్యంలో చెయ్యి పెట్టింది గానీ ఏరుతున్నట్టు లేదు. పొయ్యి దగ్గర నుంచి మామ్మ గొంతు వినబడింది.

"ఎవరు రాశారది?"

"తిక్కన."

"ఊఁ."

ఆ పూట ఆవిడ పుల్లలు విరవకుండా పొడుగ్గానే పొయ్యిలోకి తోసిందని నాకు గుర్తు. లేకపోతే ఇన్నేళ్ళలో నేనే అలా గుర్తు పెట్టేసుకున్నానేమో, ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

తర్వాతి వేసవిలో తాతయ్య పోయాడని టెలిగ్రాం వచ్చింది. అమ్మ కూలబడిపోయింది. నాన్న టాక్సీ మాట్లాడటానికి పరిగెత్తారు. టాక్సీ వచ్చేసరికి మామ్మ చీర మార్చుకుని, చేతిసంచితో వీధి అరుగు మీద కూర్చుని ఉంది. ఎవరూ రమ్మనలేదు. ఆ ఎండలో ఆవిడ రావాలని ఎవరూ అనుకోను కూడా లేదు. ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దారిలో ఒక్క మాట లేదు.

అక్కడికెళ్ళాక మధ్యాహ్నం దాకా స్తంభానికి ఆనుకుని అలాగే కూర్చుంది. జనం కాస్త పలచబడ్డాక లేచి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. నేను అమ్మమ్మ ఒడి పక్కనే ఉన్నాను.

"నేనన్నది ఒక్క మాటే వదినగారూ" అంది మామ్మ.

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, "అవునండి, ఒక్కటే" అంది.

అమ్మమ్మ పరమ నెమ్మదైన మనిషి. జీవితంలో ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదని ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు.

ఆ తర్వాత మూడేళ్ళకి మా ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చింది. జీలుగు పుల్లల మోపు నీళ్ళు కాచుకోవడానికి కొన్నాళ్ళు ఉండి, అదీ పోయింది. మామ్మ కొత్త పొయ్యి దగ్గరికి వెళ్ళేది కాదు. వసారాలో మంచమేసుకుని పడుకునేది. 1994లో పోయింది. చివరి రోజుల్లో అమ్మే అన్నం కలిపి తినిపించేది. ఒక ముద్ద పెట్టి ఆగేది, ఉప్పు సరిపోయిందో లేదో ఆవిడ మొహంలో చూసుకునేది. ఆవిడ నోరు తెరిచేది, ఇంకో ముద్ద కోసం.

హైదరాబాదు వచ్చాక ఈ మాట నా చెవిన పడటం బాగా తగ్గిపోయింది. మా ఆఫీసులో కరీంనగర్ ఆవిడ ఒకామె ఉంది. ఓ రోజు మా మేనేజర్ ఏదో అంటే, "ఏం మనిషో, కట్టె ఇరిసి పొయిల వెట్టినట్టు మాట్లాడుతడు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మాది పుల్ల, వాళ్ళది కట్టె. పొయ్యి మాత్రం ఒకటే. మేమిద్దరం ఆ మధ్యాహ్నం పని మానేసి అరగంట ఇదే మాట్లాడుకున్నాం. మా అమ్మాయికి చెబితే, "ఓ, రూడ్‌గా మాట్లాడటమా" అంది. కాదే అని సూర్యకాంతం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. సగంలో ఫోన్ మోగితే వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికి నేను నాలుగు లైన్ల మెసేజ్ పెడితే "కె" అని ఒక్క అక్షరం వస్తుంది. దాన్ని చూస్తే నాకు టక్‌మని వినబడుతుంది.

అమ్మ ఇప్పుడు అత్తిలిలో తమ్ముడి దగ్గర ఉంటోంది. డెబ్బై ఆరేళ్ళు. మొన్న ఏప్రిల్ ఆఖర్లో ఫోన్ చేసింది. నేను ఆఫీసులో ఉన్నాను. బల్ల నిండా ఫైళ్ళు, ఎదురుగా ఎక్సెల్ షీట్, ఎంతకీ టాలీ కాని రెండు అంకెలు.

"కాయ దిగిందే. ఓ నాలుగు రోజులు వచ్చి వెళ్ళకూడదటే, ఆవకాయ పెట్టుకుందాం" అంది.

"ఆడిట్" అన్నాను. కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి.

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. వాళ్ళింట్లో ఫ్యాను కిర్రుకిర్రుమంటున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"కోతలా?" అంది అమ్మ.